లాసా నుంచి ఖాట్మండు దాకా రోడ్డు మీద: టిబెట్ ఎత్తుల్ని క్షేమంగా దాటడం ఎలా

కొండ మీద ఒంట్లో బాగోకపోతే ఎవరైనా చెప్పేది ఒకటే, కిందికి దిగిపొమ్మని. టిబెట్‌లో లాట్సే అనే ఊరు దాటాక ఆ సలహా అంత తేలిగ్గా పనిచేయదు. అక్కడ కిందికి దిగాలంటే ముందు పైకి ఎక్కాలి. వెనక్కి తిరిగితే 5,200 మీటర్లు దాటిన గ్యాత్సో లా అడ్డం, ముందుకెళ్తే దాదాపు అంతే ఎత్తున్న కోంగ్‌తాంగ్ లా అడ్డం. 'లా' అంటే టిబెటన్‌లో కనుమ. ఈ రెండు కనుమల మధ్య టింగ్రి మైదానం, ఎవరెస్ట్ ఉత్తర ముఖానికి ఎదురుగా ఉన్న రోంగ్‌బుక్, రెండూ 4,300 నుంచి 5,000 మీటర్ల మధ్య ఒక పెద్ద గిన్నెలో పెట్టినట్టు ఉంటాయి. ఆ గిన్నెలో అడుగుపెట్టే లోపే మీ ఒళ్లు ఎత్తుకు అలవాటు పడి ఉండాలి. పర్మిట్ దగ్గర్నుంచి పడక దాకా ప్రతి ఏర్పాటూ ఇది దృష్టిలో పెట్టుకునే చేసుకోండి.

ముందు దిశ తేల్చుకోండి

లాసాలో మొదలుపెట్టి ఖాట్మండులో ముగించండి. చాలామంది మనవాళ్లు నేపాల్ దగ్గర కదా అని అటు నుంచి రోడ్డెక్కుతారు. ఖాట్మండు 1,400 మీటర్లు. మొదటి రాత్రి పడక టిబెట్ వైపు సరిహద్దు ఊరైన కేరుంగ్‌లో, 2,800 మీటర్ల దగ్గర. అక్కడి నుంచి బయల్దేరితే 5,200 దాటిన కనుమ ఎక్కి, 4,300 మీటర్ల ఎత్తులో నిద్రపోవాలి. ఒక్క రోజులో పడక ఎత్తు 1,500 మీటర్లు పెరిగిపోతుంది. 3,000 మీటర్లు దాటాక రోజుకు 500 మీటర్ల కంటే పెంచకూడదని వైద్యులు చెప్పే లెక్కకు ఇది మూడింతలు. లాసా 3,650 మీటర్లు. అది కూడా ఎత్తే, కానీ అక్కడ ఆస్పత్రులున్నాయి, విమానాశ్రయం ఉంది, నాలుగు రోజులు హాయిగా కాలం గడపడానికి చూడాల్సినవి ఉన్నాయి.

పర్మిట్: ఇక్కడ సొంతంగా తిరగడం కుదరదు

సంచి భుజాన వేసుకుని బస్సెక్కి వెళ్లిపోవడం టిబెట్‌లో విదేశీయులకు కుదరదు. చైనా వీసాతో పాటు టిబెట్ ట్రావెల్ పర్మిట్ కావాలి. దానికి మనంతట మనం దరఖాస్తు పెట్టుకోలేం, అనుమతి ఉన్న ట్రావెల్ ఏజెన్సీ ద్వారానే రావాలి. ఆ పర్మిట్ చూపించందే లాసా రైలూ ఎక్కనివ్వరు, విమానమూ ఎక్కనివ్వరు. లాసా దాటి బయటికి వెళ్తే గైడు, ఏజెన్సీ బండి తప్పనిసరి. ఎవరెస్ట్ వైపు, సరిహద్దు వైపు వెళ్లే అదనపు అనుమతులు గైడే చూసుకుంటాడు.

డబ్బు చూసి ఖర్చుపెట్టే ప్రయాణికుడికి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. తేదీలు ముందే ఖరారు చేసి, ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లని ఒకే బండిలో కలిపే గ్రూప్ టూర్లు దొరుకుతాయి. బండి, గైడు ఖర్చు అందరికీ పంచుకుపోతుంది. బుక్ చేసే ముందు ఏజెన్సీని ఒకే ప్రశ్న అడగండి: "ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకోబెడతారు?" జవాబులో లాసాలో కనీసం మూడు రాత్రులు ఉండాలి. దారిలోని పెద్ద ఊరు షిగాత్సే నుంచి నేరుగా రోంగ్‌బుక్‌కి తీసుకెళ్లి పడుకోబెట్టే ప్లాన్ అయితే ఒప్పుకోవద్దు, మధ్యలో షెగర్ అనే ఊళ్లో ఒక రాత్రి కలపమనండి. ఒక రోజు ఖర్చు పెరుగుతుంది. ఈ ప్రయాణంలో మీరు పెట్టే డబ్బులో దానంత విలువైనది ఇంకోటి లేదు.

పర్మిట్‌కి వారాలు పడుతుంది కాబట్టి రెండు నెలల ముందే మొదలుపెట్టండి. ఫిబ్రవరి చివర, మార్చి నెలల్లో సాధారణంగా విదేశీయులకు టిబెట్ మూసేస్తారు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారాల దాకా, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్ మంచి రోజులు. జూలై, ఆగస్టులో ఎవరెస్ట్ మబ్బుల్లో దాక్కుంటుంది, నేపాల్ వైపు కొండచరియలు విరిగిపడతాయి. కైలాసం వెళ్లాలనుకునేవాళ్ల సంగతి వేరు. భారత విదేశాంగ శాఖ లిపులేఖ్, నాథు లా దారుల్లో నడిపే యాత్ర 2025లో మళ్లీ మొదలైంది, దాని దరఖాస్తు వేరు, నియమాలు వేరు.

లాసా చేరడం

చైనా నగరం షీనింగ్ నుంచి లాసా దాకా రైలు 1,956 కిలోమీటర్లు, ఇరవై గంటలు దాటి పడుతుంది. గోల్ముద్ నుంచి లాసా దాకా ఉన్న భాగం 2006 జూలైలో మొదలైంది. తంగులా దగ్గర పట్టాలు 5,072 మీటర్ల ఎత్తుకు ఎక్కుతాయి, పెట్టెలో ఆక్సిజన్ వదులుతుంటారు. రైల్లో వెళ్తే ఎత్తు అలవాటైపోతుందని చాలామంది అంటారు. ఒక్క రోజు ప్రయాణంతో అలవాటయ్యేది చాలా తక్కువ. నిజంగా మేలు చేసేది షీనింగ్‌లోనే రెండు రాత్రులు ఆగడం. అది 2,275 మీటర్లు, తొలి మెట్టుగా సరిగ్గా సరిపోతుంది. తీరిక ఉంటే అలా వెళ్లండి. లేకపోతే విమానంలో వెళ్లి, లాసాలో ఇంకో రోజు ఎక్కువ ఉండండి.

లాసాలో మొదటి మూడు రోజులు

దిగిన రోజు ఏమీ చేయొద్దు. బ్యాగు మోయొద్దు, మెట్లు పరుగున ఎక్కొద్దు, తలస్నానం మర్నాటికి వాయిదా వేయండి. నీళ్లు గుటక గుటకగా తాగుతూ ఉండండి. ఆకలి లేకపోయినా అన్నమో, నూడుల్సో కొంచెం తినండి. మద్యం, నిద్రమాత్రలు ముట్టుకోవద్దు, రెండూ రాత్రి ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి.

రెండో రోజు జోఖాంగ్ గుడి, దాని చుట్టూ ఉన్న బార్ఖోర్ వీధి. నేల చదునుగా ఉంటుంది కాబట్టి ఒంటికి శ్రమ లేదు. తెల్లారగానే వెళ్లండి. చేతులకు చెక్క పలకలు తొడుక్కుని సాష్టాంగ నమస్కారాలు చేసేవాళ్లు కనిపిస్తారు. పలకలు రాతి మీద జారే ఆ గరగర శబ్దం చాలాసేపు చెవిలో ఉండిపోతుంది. వాళ్లతో పాటు మీరూ ప్రదక్షిణ చేయండి, మన గుడిలో లాగే సవ్యంగా, గుడి కుడివైపు ఉండేట్టు. గుడిలోకి వెళ్లేటప్పుడు టోపీ తీసేయండి. లోపల ఫోటో తీయాలంటే ముందు అడగండి.

మూడో రోజు పోతాలా ప్యాలెస్. దాని మెట్లు మీ ఒంటికి మొదటి పరీక్ష. టికెట్ మీద ఇచ్చిన సమయానికే లోపలికి పంపిస్తారు, పాస్‌పోర్ట్ కావాలి, నీళ్ల సీసా తనిఖీ దగ్గర తీసేసుకుంటారు. పాతిక మెట్లకోసారి ఆగి, ఊపిరి కుదుటపడ్డాకే కదలండి. అదే రోజో మర్నాడో ద్రేపుంగ్ మఠానికీ వెళ్లండి. తెలుగువాళ్లు దాన్ని వదిలేయకూడదని నా గట్టి అభిప్రాయం. 1416లో కట్టిన ఆ మఠం పేరుకు అర్థం ధాన్యపు రాశి. మన అమరావతి పక్కనున్న ధాన్యకటకం పేరునే టిబెటన్లు తమ భాషలోకి తెచ్చుకుని పెట్టుకున్నారు. బుద్ధుడు కాలచక్రాన్ని అక్కడే బోధించాడని వాళ్ల నమ్మకం. కృష్ణ ఒడ్డు పేరు హిమాలయాల అవతల ఒక కొండ వాలు మీద వినిపిస్తుంటే నాకు గొంతు పట్టేసింది.

ఒంట్లో ఏది మామూలు, ఏది ప్రమాదం

ఇది నిదానంగా చదవండి, మీతో వచ్చేవాళ్లకీ చదివి వినిపించండి.

మొదటి రెండు రోజులు కొద్దిగా తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, నాలుగు మెట్లకే ఆయాసం, ఇవి చాలామందికి వస్తాయి. రాత్రి ఇంకోటి జరుగుతుంది. నిద్రలో ఊపిరి వేగం పెరుగుతూ పోయి, కొన్ని క్షణాలు పూర్తిగా ఆగిపోయి, ఒక్కసారిగా పెద్ద ఊపిరితో మళ్లీ మొదలవుతుంది. మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది. పక్కవాళ్లది వింటే ఇంకా భయం వేస్తుంది. ఎత్తు ప్రదేశాల్లో ఇది సహజం, టెన్షన్ పడకండి. లేచి కూర్చుని, నెమ్మదిగా నాలుగు ఊపిర్లు తీసుకుని మళ్లీ పడుకోండి.

తలనొప్పికి వికారం తోడైతే, అన్నం సయించకపోతే, ఒళ్లు పూర్తిగా నీరసిస్తే అది ఎత్తు వల్ల వచ్చిన జబ్బే. ఆ స్థితిలో ఇంకో మెట్టు పైకి వెళ్లకూడదు. తగ్గేదాకా ఉన్న ఊళ్లోనే ఉండాలి. తగ్గకపోతే దిగాలి.

ఇంకో రెండు లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగకూడదు. ఒకటి మెదడుది: అడుగు తూలడం, మాట తడబడడం, తెలిసిన పని చేతకాకపోవడం. రెండోది ఊపిరితిత్తులది: ఊరికే కూర్చున్నా ఆయాసం, దగ్గులో తడి చప్పుడు, గులాబి రంగు నురగ. వెంటనే ఆక్సిజన్ పెట్టి, ఎంత రాత్రైనా దించేయాలి.

మా బండిలో ఒకాయన ఉండేవాడు. నలభై దాటినా రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తే మనిషి. షిగాత్సేలోనే తలనొప్పి మొదలైందట, గ్రూపు ఆగిపోతుందని ఎవరికీ చెప్పలేదు. గ్యాత్సో లా దాటి షెగర్ చేరాక, హోటల్ గది ముందు బూటు లేసు రెండు కొసలూ చెరో చేత్తో పట్టుకుని అలాగే చూస్తూ కూర్చున్నాడు. ముడి ఎలా వేయాలో ఆయనకు తట్టడం లేదు. మా గైడు ఆయన్ని లేపి, గచ్చు గీత మీద ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ నడవమన్నాడు. మూడో అడుక్కే గోడ మీద వాలిపోయాడు. ఆ రాత్రే ఆక్సిజన్ పెట్టి, వచ్చిన కనుమే మళ్లీ ఎక్కించి షిగాత్సేకి తీసుకెళ్లారు. ఆయన కోలుకున్నాడు. కానీ దిగడం కోసం ఆ స్థితిలో మనిషిని 5,200 మీటర్ల పైకి ఎక్కించాల్సి వచ్చిన ఆ గంటలు నేను మర్చిపోలేను. ఆ గీత మీద నడక పరీక్ష మీరూ నేర్చుకోండి. రోజూ సాయంత్రం ఒకరికొకరు చేయించుకోండి. శరీర దారుఢ్యం ఈ జబ్బును ఆపదు, తలనొప్పిని దాచకుండా చెప్పడం ఆపుతుంది.

మందు సంగతి బయల్దేరక ముందే మీ డాక్టరుతో మాట్లాడండి. ఎసిటజోలమైడ్, అంటే డయమాక్స్, 125 మిల్లీగ్రాములు ఉదయం, సాయంత్రం, ఎత్తుకు వెళ్లే ముందు రోజు నుంచి వేసుకోవడం సాధారణంగా సూచించే పద్ధతి. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, సోడా రుచి చేదుగా మారుతుంది. ఇవి ఆ మందు గుణాలే, కంగారు పడొద్దు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు 5,000 మీటర్లు పైబడిన ఎత్తుకూ వర్తిస్తుందో లేదో చూసుకోండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

ఒక్క మందపాటి జర్కిన్ కంటే పొరలు పొరలుగా వేసుకునే బట్టలు మేలు: లోపల థర్మల్స్, మీద స్వెట్టర్, పైన గాలి ఆపే జాకెట్. మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంది, అదే రోజు రాత్రి రోంగ్‌బుక్‌లో మే నెలలో కూడా సున్నా కంటే దిగిపోతుంది. నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, పెదాలకు వ్యాజిలైన్ రోజూ కావాలి. సన్‌స్క్రీన్ ట్యూబు మూత కనుమ మీద తెరవొద్దు, లోపలి గాలి ఉబ్బి సగం చేతి మీదికి చిమ్ముతుంది. చిప్స్ ప్యాకెట్లు కూడా బెలూన్లలా ఉబ్బుతాయి. దారిలో మరుగుదొడ్లకు చాలాచోట్ల తలుపులుండవు, నీళ్లూ ఉండవు. టిష్యూలు, శానిటైజర్, టార్చి చేతికి అందేచోట పెట్టుకోండి. రాత్రి ఫోను, పవర్ బ్యాంకు దుప్పట్లోనే ఉంచుకోండి, చలికి ఛార్జింగ్ పడిపోతుంది.

గూగుల్, వాట్సాప్ చైనా నెట్‌లో పనిచేయవు. మన సిమ్‌కే ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించుకుంటే పనిచేస్తాయి. డబ్బు కట్టడానికి అలీపే ముందే సిద్ధం చేసుకుని, కొంత యువాన్ నగదు కూడా ఉంచండి.

దలైలామా ఫోటో కానీ, ఆయన గురించిన పుస్తకం కానీ సంచిలోనూ ఫోనులోనూ ఉండకూడదు. చెక్‌పోస్టులు, సైనికుల ఫోటోలు తీయొద్దు. గైడుని రాజకీయాలు అడగొద్దు. మీరు నాలుగు రోజుల్లో వెళ్లిపోతారు, ఆ మాటలకు జవాబు చెప్పుకోవాల్సింది అక్కడే బతికే ఆ మనిషి.

రోడ్డు మీద

లాసా వదిలిన రోజు దాదాపు 4,800 మీటర్ల కంబా లా ఎక్కగానే కింద యమ్‌డ్రోక్ సరస్సు కనిపిస్తుంది. ఆ నీలం ఫోటోల్లో చూసి నమ్మలేదు, ఎదురుగా చూశాక ఫోటోలే తక్కువ చూపించాయని తెలిసింది. బండి దిగాక పది నిమిషాలు చాలు, పరుగులు వద్దు. తర్వాత 5,000 మీటర్ల కారో లా దగ్గర మంచు నాలుక రోడ్డుకు దగ్గరగా దిగి ఉంటుంది. ఇంత ఎక్కినా రాత్రి పడక మళ్లీ 4,000 లోపే, గ్యాంత్సేలో కానీ అక్కడికి 90 కిలోమీటర్ల దూరంలోని షిగాత్సేలో కానీ. పగలు ఎక్కి, రాత్రి దిగి పడుకోవడం ఒంటికి చాలా మంచిది. ప్రతి కనుమ మీదా రంగు జెండాల తోరణాలు రెపరెపలాడుతుంటాయి. టిబెటన్లు "కి కి సో సో ల్హా గ్యలో" అని అరుస్తారు, దేవతలకు జయం అని. ఆ జెండాల మీద కాలు వేయకండి.

షిగాత్సేలో తాషిల్హున్‌పో మఠం చూడండి, 1447 నాటిది. 1914లో చేసిన మైత్రేయ విగ్రహం 26 మీటర్లు. కానీ ఈ ఊళ్లో అన్నిటికంటే ముఖ్యమైన పని సాయంత్రం మీ గురించి మీరే తేల్చుకోవడం. తలనొప్పి ఉందా? రెండు పూటలా తిన్నారా? గీత మీద నడవగలిగారా? ఒక్కదానికి సరైన జవాబు లేకపోయినా మర్నాడు కదలొద్దు. తిరిగి లాసాకి తేలిగ్గా వెళ్లగలిగే చివరి పెద్ద ఊరు ఇదే. అందరూ బాగుంటేనే లాట్సే మీదుగా గ్యాత్సో లా ఎక్కి, షెగర్‌లో 4,300 మీటర్ల దగ్గర ఆగండి.

తిండికి శాకాహారులు భయపడాల్సిన పనిలేదు. ప్రతి ఊళ్లో సిచువాన్ హోటల్ ఉంటుంది, బంగాళాదుంప వేపుడు, క్యాబేజీ, అన్నం దొరుకుతాయి. "మేం మాంసం తినం" అని చైనా భాషలో కాగితం మీద రాయించి ఉంచుకోండి. టిబెటన్ ఇళ్లలో త్సంపా పెడతారు, వేయించిన బార్లీ పిండి. వెన్న టీ పోసి గిన్నెలోనే వేళ్లతో కలిపి ముద్ద చేస్తారు. తొలి ఏకాదశికి పేలపిండి తిన్న నాలుకకు ఆ వాసన కొత్తగా అనిపించదు. వెన్న టీలో ఉప్పుంటుంది, దాన్ని టీ అనుకోకుండా చారు అనుకుని తాగితే బాగుంటుంది. మన ఇంటి నుంచి కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి తెచ్చుకోండి. 5,000 మీటర్ల దగ్గర నీళ్లు 83 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే అన్నం పలుకుగానే ఉంటుంది. ఆ అన్నం గొంతు దిగాలంటే కందిపొడి ఉండాల్సిందే.

ఎవరెస్ట్ ముందు ఒక రాత్రి

షెగర్ నుంచి 5,198 మీటర్ల గావు లాకి ఉదయాన్నే చేరుకోండి. మధ్యాహ్నానికి మబ్బు కమ్ముకుంటుంది. ఎడమ నుంచి మకాలు, లోట్సే, ఎవరెస్ట్, చో ఓయు, నాలుగూ ఒకే వరసలో నిలబడి ఉంటాయి. అక్కడి నుంచి మెలికల మెలికల రోడ్డు కిందికి దిగి రోంగ్‌బుక్ చేరుతుంది. చివరి భాగం అక్కడి ఎలక్ట్రిక్ బస్సులో వెళ్లాలి, కాబట్టి చిన్న సంచిలో రాత్రికి కావలసినవి వేరుగా సర్దుకోండి. ఆక్సిజన్ మన ఊళ్లో దొరికే దానిలో సగమే. పడుకునే లోపు ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడుందో, డ్రైవర్ ఏ గదిలో ఉన్నాడో కళ్లారా చూసి రండి. సూర్యాస్తమయం తప్పక చూడండి. లోయంతా చీకటయ్యాక కూడా 8,848.86 మీటర్ల ఆ శిఖరం ఒక్కటే కాసేపు ఎర్రగా వెలుగుతుంది. ఒక్క రాత్రి చాలు. రెండో రాత్రి వద్దు.

కేరుంగ్‌కి దిగి, నేపాల్లోకి

టింగ్రి దాటి పడమరకు వెళ్తే పైకూ సరస్సు వస్తుంది, దాని అవతల షిషాపాంగ్మా, 8,027 మీటర్లు. చివరి కనుమ కోంగ్‌తాంగ్ లా. ఇక దిగడమే. ఒక్క పూటలో రాయి, మట్టి పోయి పైన్ చెట్లు వస్తాయి. కనుమ మీద మూత బిగించిన ఖాళీ సీసా కేరుంగ్ చేరేసరికి చేత్తో నలిపినట్టు ముడుచుకుపోయి ఉంటుంది. చెవులు దిబ్బెళ్లు వేస్తే గుటకలు మింగుతూ ఉండండి.

సరిహద్దుకు బయల్దేరే ముందు రోజు గైడుతో ఫోన్ చేయించి, దారి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. 2015 ఏప్రిల్ భూకంపంతో పాత కొడారి దారి మూతపడింది, 2017లో ఈ కేరుంగ్ దారిని విదేశీయులకు తెరిచారు. 2025 జూలై 8న వచ్చిన వరద రసువాగఢి దగ్గర వంతెననే కొట్టుకుపోయింది. అందుకే తిరుగు విమానం టికెట్‌కి రెండు రోజుల ఖాళీ వదలండి. సరిహద్దు దాటాక గడియారం 2 గంటల 15 నిమిషాలు వెనక్కి తిప్పుకోండి. మనకు నేపాల్ వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్ చాలు.

అవతల ఖాట్మండుకి షేర్ జీపులు దొరుకుతాయి. దారి గతుకులతో, చరియలతో ఉంటుంది, రోజంతా పడుతుంది. మధ్యాహ్నం దాటాక సరిహద్దు చేరితే ఆ రోజు బయల్దేరొద్దు, స్యాఫ్రుబేసిలో ఆగిపోండి. 1,500 మీటర్లే, ఊపిరి ఛాతీ నిండా ఆడుతుంది. ఏ ఇంటి ముందు పొగ కనిపిస్తే ఆ హోటల్లో కూర్చుని దాల్ భాత్ అడగండి. పది రోజుల తర్వాత మెత్తగా ఉడికిన అన్నం. మారు వడ్డించడానికి వాళ్లే వస్తారు.